46 లక్షలు బ్యాంకులో వేస్తే 76 లక్షలు కట్టమంటున్నరు

మంజీరా_పిల్లగాడు
మా బాపుకు 71 ఏండ్లు, రైతు. 2018 ఫిబ్రవరిల సంగారెడ్డి దిక్కు ఎకరం పది గుంటలు అమ్మిండు. వచ్చిన పైసలు 46 లక్షలు బ్యాంకుల వేసిండు. వ్యవసాయ భూమికి పన్ను లేదని ఊర్లె అందరు చెప్పిన్రు, రిటర్ను గిటర్ను ఏం వెయ్యలే. మొన్న రైతు భరోసా పైసలు తీద్దామని పోతె ఖాతా ఆపేసిన్రు. మేనేజరు ఇన్‌కమ్ టాక్స్ లెటరు చూపిచ్చిండు. పోర్టల్ పాస్‌వర్డు మార్చుకొని లోపలికి పోయి చూస్తె 2023 మార్చిల ఆర్డరు ఉంది, సెక్షన్ 144 అట. డిమాండు 76 లక్షల 40 వేలు. వచ్చిందే 46. ఇదెక్కడి లెక్క? ఒక్క నోటీసు కూడ ఇంటికి రాలే. కోర్టుకు పోవాల్నా? బాపు రెండు రోజుల సంది సరిగ్గ తింటలేడు.

మిర్చియార్డు
ముందు ఆయనకు అన్నం పెట్టండి. ఇది ఇవాళ రేపు తేలేది కాదు. మాది ఏడేళ్ళు పట్టింది.

కడపోడు
నేరుగా హైకోర్టుకు పో అన్నా. నోటీసే అందకుండా ఆర్డరు ఏంది? రిట్ వేస్తే ఒక్క దెబ్బకు కొట్టేస్తారు.

రిటైర్డ్_ఇన్‌స్పెక్టర్
నోటీసు రాలేదు అనేది ప్రతివాళ్ళూ అనే మాటే. పోర్టల్‌లో ఏ ఈమెయిలు నమోదై ఉందో చూశారా?

మంజీరా_పిల్లగాడు
చూసిన సార్. పాన్ కార్డు చేయించిన నెట్ సెంటరోడు ఆయన మెయిలే పెట్టిండు. ఆ దుకాణం బందై నాలుగేండ్లు.

ఊరికే_చదువుతా
ఆ మెయిలు తెరిస్తే సగం మండలం నోటీసులు దొరుకుతాయి.

రిటైర్డ్_ఇన్‌స్పెక్టర్
నవ్వుకోండి గానీ అది నిజమే. సర్వీసులో ఉన్నప్పుడు ఇలాంటివి చాలా చూశాను. ఏడాదిలో సేవింగ్స్ ఖాతాలో 10 లక్షలు, అంతకు మించి నగదు వేస్తే బ్యాంకు డిపార్ట్‌మెంటుకు చెప్పి తీరాలి. ఆ పాన్ మీద రిటర్ను లేకపోతే కంప్యూటరే ఎర్రజెండా ఊపుతుంది. ఆఫీసరు నోటీసు పంపుతాడు, జవాబు రాదు. ఇంకోటి పంపుతాడు, అదీ అంతే. మార్చి 31 గడువు నెత్తిమీద ఉంటుంది. 144 కింద తోచినంత అంచనా వేసి ఆర్డరు ఇవ్వక ఏం చేస్తాడు? పగబట్టి చేసేది కాదు ఇది.

కడపోడు
76 లక్షలు తోచిందా సార్ ఆయనకు? బాగా తోచింది.

ఫారం_ముప్పైఐదు
సీఏని. లెక్క చెబుతా, భయపడకుండా చదవండి. డబ్బు ఎక్కడిదో చెప్పలేదు కాబట్టి 69ఏ కింద వివరణ లేని సొమ్ము అన్నారు. దానికి 115బీబీఈ సెక్షన్ రేటు పడింది: 60 శాతం పన్ను, దాని మీద పాతిక శాతం సర్‌చార్జీ, ఆపైన ఆ ఏడాది సెస్సు 3. మొత్తం 77.25 శాతం. 46 లక్షల మీద 35 లక్షల 53 వేల 500. మిగతాదంతా వడ్డీ. నెలకు ఒక శాతం చొప్పున, రిటర్ను వేయనందుకు 234ఏ 55 నెలలు, ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టే అడ్వాన్సు టాక్సు కట్టనందుకు 234బీ 60 నెలలు. కూడితే మీ 76 లక్షల 40 వేలు సరిగ్గా వస్తుంది. మీ ఆర్డరు చూడకుండానే చెప్పాను, సరిపోయిందా?

మంజీరా_పిల్లగాడు
పైసతో సహ సరిపోయింది సార్. నాకు చెమటలు పడుతున్నయి.

ఫారం_ముప్పైఐదు
ఆగండి, మంచి కబురు ఒకటుంది. అప్పటికి నాన్నగారికి 64. వ్యాపార ఆదాయం ఏదీ లేదుగా? 60 దాటి, వ్యాపారం లేనివాళ్ళకు అడ్వాన్సు టాక్సు కట్టే పనే లేదు, సెక్షన్ 207 అలా చెబుతోంది. అడ్వాన్సు టాక్సే లేనప్పుడు దాన్ని ఎగ్గొట్టినందుకు వేసే 234బీ వడ్డీ ఎక్కడిది? 21 లక్షల 32 వేలు. అప్పీలుతో సంబంధం లేకుండా 154 కింద సరిదిద్దమని పిటిషన్ వేయండి. ఆర్డరు వచ్చిన ఆర్థిక సంవత్సరం ముగిసినప్పటి నుంచి నాలుగేళ్ళ టైముంది.

ఊరికే_చదువుతా
ఒక్క పోస్టులో 21 లక్షలు తగ్గించాడు. ఈ సీఏ గారి ఫీజు ఎంతో ఎవరైనా అడగండి.

మిర్చియార్డు
ఫీజు సంగతి నన్నడగండి. నోట్ల రద్దప్పుడు 2016 నవంబరులో 19 లక్షలు బ్యాంకులో వేశాను. కమిషన్ కొట్టు, రోజూ నగదే. నాకూ ఇదే బీబీఈ వేశారు. మొదటి అప్పీలు, కమిషనర్ అప్పీల్స్‌లో ఓడిపోయా. విశాఖ ట్రిబ్యునల్‌లో గెలిచా, దాదాపు మొత్తం. ఎందుకు గెలిచానంటే పట్టీ పుస్తకాలు ఉన్నాయి కాబట్టి. సరుకు ఎవరిది, ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ రోజు ఎవరు కొన్నారు, అంతా మా గుమస్తా రాసిపెట్టాడు. ఆయనకు స్కూటర్ కొనిచ్చా. కాగితం ఉన్నవాడే గెలుస్తాడు ఇక్కడ, నిజం చెప్పేవాడు కాదు.

కడపోడు
అందుకే చెప్తాండా, అప్పీలు అంటే ఏండ్లు పడతాది. తెలంగాణ హైకోర్టు 2023 సెప్టెంబరులో తీర్పు ఇచ్చింది కదా. పాత ఏడాది కేసు మళ్ళీ తెరిచే 148 నోటీసు, ఆఫీసరు ఎవరో తెలియకుండా ఆన్‌లైన్‌లో నడిచే ఫేస్‌లెస్ పద్ధతిలో రావాల, లోకల్ ఆఫీసరు ఇస్తే చెల్లదు అని. దాని మీద వందల కేసులు కొట్టేసినారు. ఈయనది కూడా లోకల్ ఆఫీసరు ఇచ్చిందే అయ్యుంటాది.

లాయరమ్మ
తీర్పు నిజమే. డిపార్ట్‌మెంటు దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్ళింది, అదలా ఉంచుదాం. మంజీరా గారూ, మీ 148 నోటీసు మీద తేదీ ఎంత?

మంజీరా_పిల్లగాడు
2022 మార్చి 24 మేడం. సంగారెడ్డి ఆఫీసరు పేరు మీదనే ఉంది.

లాయరమ్మ
అయితే ఆ దారి మనకు పనికిరాదు. ఆ ఫేస్‌లెస్ స్కీము నోటిఫై అయింది 2022 మార్చి 29న. మీ నోటీసు అయిదు రోజుల ముందుది.

ఊరికే_చదువుతా
అయిదు రోజులా! పంచాంగం చూసి పంపినట్టున్నారు.

కడపోడు
సరే, టైము దాటిపోయిందేమో చూడండి. మూడేండ్లే కదా?

లాయరమ్మ
అదీ చూశాను. 50 లక్షల లోపు కాబట్టి మూడేళ్ళ గడువే. 2018-19 అసెస్‌మెంట్ ఇయర్‌కు, అంటే 2017-18 ఆదాయాన్ని లెక్కగట్టే ఏడాదికి, ఆ ఏడాది చివరి నుంచి లెక్కిస్తే అది 2022 మార్చి 31తో ముగుస్తుంది. వారం ముందు ఇచ్చారు. గడువులోనే ఉంది. ఇక రిట్ గురించి: అప్పీలు అనే దారి చట్టంలోనే ఉన్నప్పుడు హైకోర్టు మామూలుగా లోపలికి రానివ్వదు. ఛబిల్ దాస్ అగర్వాల్ కేసులో 2013లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది రిట్ వేసి, ‘అప్పీలుకు వెళ్ళండి’ అనిపించుకుని, ఆరు నెలలూ ఫీజూ పోగొట్టుకుని వస్తారు. కడప తమ్ముడూ, కోపం రావడం వేరు, కేసు నిలబడడం వేరు.

కడపోడు
సరే మేడం, తగ్గినా.

ఫారం_ముప్పైఐదు
మేడం చెప్పిందే దారి. అప్పీలు ఫారం 35లో, కమిషనర్ అప్పీల్స్ ముందు. ఫీజు 1000 రూపాయలే. గడువు 30 రోజులు, మీరు రెండేళ్ళు దాటారు. ఆలస్యాన్ని మన్నించమని పిటిషన్ పెట్టాలి, నెట్ సెంటరు మెయిలు కథ అంతా అఫిడవిట్‌గా రాయాలి. 1987లో కాటిజీ కేసులో సుప్రీంకోర్టు ఆలస్యాల విషయంలో పెద్ద మనసు చూపమంది, అందరూ దాన్నే పట్టుకుంటారు. ఇంకో మెలిక: రిటర్ను వేయనివాళ్ళ అప్పీలు తీసుకోవాలంటే అడ్వాన్సు టాక్సుకు సమానమైన సొమ్ము ముందే కట్టాలని 249(4)లో ఉంది. చాలా అప్పీళ్ళు గడప దాటకుండానే అక్కడ చచ్చిపోతాయి. ఇందాక చెప్పిన 207 మీకు ఇక్కడా గొడుగు పడుతుంది.

రిటైర్డ్_ఇన్‌స్పెక్టర్
ఇంకొకటి కలపండి. 2024 అక్టోబరు 1 నుంచి 144 ఆర్డర్లను కమిషనర్ అప్పీల్స్ రద్దు చేసి మళ్ళీ కింది ఆఫీసరుకు పంపొచ్చు. 2001 నుంచి అప్పటిదాకా ఆ అధికారం లేదు. మీలాంటి వాళ్ళకు ఇది వరమే, కొత్తగా కాగితాలు పెట్టుకోవచ్చు.

మిర్చియార్డు
వరమో, మళ్ళీ మొదటి మెట్టు నుంచి ఎక్కడమో. మా బావమరిదిది అలాగే వెనక్కి పంపారు, ఇంకా ఎక్కుతున్నాడు.

మంజీరా_పిల్లగాడు
ఖాతా ఎట్ల తెరిపియ్యాలె? ఇంట్ల ఖర్చులకు కూడ అదే.

ఫారం_ముప్పైఐదు
అప్పీలు వేసిన వెంటనే 220(6) కింద స్టే అడగండి. 2017 జూలై 31 డిపార్ట్‌మెంటు మెమో ప్రకారం 20 శాతం కడితే మిగతాది ఆపుతారు. మీకు అది 15 లక్షలు దాటుతుంది. అంతకన్నా తక్కువకైనా స్టే ఇవ్వొచ్చని ఎల్‌జీ ఎలక్ట్రానిక్స్ కేసులో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ముందు 234బీ తీయించి, తగ్గిన అంకె మీద బేరమాడండి.

డాలస్_బావ
ఇవన్నీ వింటే ఇండియాలో పన్ను కేసు గెలిచినా ఓడినా ఒకటే అనిపిస్తుంది. వోడాఫోన్ 2012 జనవరిలో సుప్రీంకోర్టులో గెలిస్తే, ఆ ఏడాది బడ్జెట్‌లోనే పాత తేదీ నుంచి చట్టం మార్చేశారుగా. 2021లో గానీ దాన్ని వెనక్కి తీసుకోలేదు.

లాయరమ్మ
మన దగ్గరా అలాంటిదొకటి ఉంది, ఎవరికీ గుర్తుండదు. హైదరాబాద్ టీకాల కంపెనీ శాంతా బయోటెక్నిక్స్‌ను ఫ్రెంచి కంపెనీ కొన్నప్పుడు, అమ్మకం ఫ్రాన్సులో జరిగినా పన్ను ఇక్కడ కట్టమన్నారు. 2013 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కుదరదంది, ఫ్రాన్సుతో ఒప్పందం ఉంది కాబట్టి. చట్టం మార్చిన తరువాత వచ్చిన తీర్పు అది.

రిటైర్డ్_ఇన్‌స్పెక్టర్
ఓడిన కథా చెప్పండి మేడం. మద్యం కంపెనీ మెక్‌డొవెల్, 1985. మన రాష్ట్రపు అమ్మకం పన్ను కేసే. కొనేవాళ్ళే ఎక్సైజు సుంకం నేరుగా కడుతున్నారు, అది మా టర్నోవరు కాదు అంది కంపెనీ. జస్టిస్ చిన్నప రెడ్డి గారు పన్ను తప్పించుకునే తెలివితేటలను విడిగా తీర్పు రాసి మరీ ఉతికారు. మాకు ట్రైనింగులో మొదట చెప్పే కేసు అదే.

ఊరికే_చదువుతా
ఎకరం పది గుంటల నుంచి ఫ్రాన్సు దాకా, అక్కణ్ణుంచి సారా దాకా వెళ్ళాం. మంజీరా అన్న ఎటు పోయాడు?

జేడీఏ_బాధితుడు
నా గోడూ వినండి. 2006లో బిల్డరుకు స్థలం డెవలప్‌మెంటుకిచ్చాం. ఫ్లాట్లు ఇచ్చింది 2011లో. పన్ను మాత్రం అగ్రిమెంటు చేసి స్థలం అప్పగించిన ఏడాదే పుట్టిందన్నారు. పొట్ల నాగేశ్వరరావు కేసులో మన హైకోర్టు 2014లో అదే తేల్చింది. చేతికి ఇటుక రాకముందే పన్ను! 2017లో సుప్రీంకోర్టు రిజిస్టరు కాని అగ్రిమెంటు లెక్కలోకి రాదంది. మాది రిజిస్టర్డు. రూలు ప్రకారం పోయినందుకు పడిన దెబ్బ ఇది. 45(5ఏ) తెచ్చి కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చాక కట్టమన్నారు, అది 2017 నుంచే. మాకు పనికిరాలేదు.

లాయరమ్మ
మీ బాధ అర్థమైంది, దానికి వేరే త్రెడ్ పెట్టండి, చాలా మంది ఉన్నారు. మంజీరా గారూ, అసలు ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదు. సేల్ డీడులో ఎంత రాసుకున్నారు?

మిర్చియార్డు
అదీ ప్రశ్న.

ఊరికే_చదువుతా
రెండు గంటలైంది. అన్న ఆన్‌లైన్‌లోనే ఉన్నాడు, పచ్చ చుక్క కనబడుతోంది.

మంజీరా_పిల్లగాడు
14 లక్షలు.

కడపోడు
ఓరి నాయనా.

ప్లాట్లబాబాయ్
దీనికి ఇంత ఆశ్చర్యం ఎందుకు? ఆ రోజుల్లో ఎవరు మొత్తం రాశారో చెప్పండి. ప్రభుత్వ విలువ ఎకరానికి పది, బయట రేటు ముప్పై అయిదు. స్టాంపు డ్యూటీ మిగులుతుందని కొనేవాడు తక్కువ రాయిస్తాడు. అమ్మేవాడికి ఏం పోయింది, వ్యవసాయ భూమే కదా అని సంతకం పెడతాడు. నేనే యాభై రిజిస్ట్రేషన్లు చేయించా.

మిర్చియార్డు
బాబాయ్, ఇక్కడ ఇన్‌స్పెక్టర్ గారు ఉన్నారు, చూసుకుని రాయండి.

రిటైర్డ్_ఇన్‌స్పెక్టర్
రిటైర్డు అయ్యా, రిటైర్డు.

లాయరమ్మ
అంటే 14 లక్షలకు సేల్ డీడు ఉంది, మిగతా 32కు నోటి మాట తప్ప ఏమీ లేదు. కొన్నవాళ్ళు ‘ఇంత ఇచ్చాం’ అని రాసిస్తారా?

ప్లాట్లబాబాయ్
చచ్చినా ఇవ్వడు. ఇస్తే ఆ 32 ఎక్కడివని వాణ్ణి అడుగుతారు.

ఫారం_ముప్పైఐదు
ఆ ఏడాదికి వాళ్ళ కేసు తెరిచే మామూలు గడువు, 50 లక్షలు దాటిన కేసులకైనా సరే, అయిపోయింది. ఆ ధైర్యం చెప్పి చూడండి. అయితే అప్పీలు తీర్పును పట్టుకుని 150 కింద గడువు దాటినా తెరిచే వీలు ఒకటుంది, వాళ్ళ సీఏకి అది తెలియకుండా ఉండదు.

లాయరమ్మ
ఇంకా పెద్ద గొయ్యి ఉంది. భూమి అమ్మకానికి 20 వేలు, అంతకు మించి నగదుగా తీసుకోకూడదని 2015 జూన్ నుంచి 269ఎస్ఎస్‌లో ఉంది. తీసుకుంటే 271డీ కింద తీసుకున్నంత జరిమానా. మనం ‘46 లక్షలూ భూమి డబ్బే, నగదుగానే ముట్టింది’ అని రుజువు చేశామనుకోండి, 77 శాతం తప్పించుకుని నూరు శాతంలో పడొచ్చు.

కడపోడు
ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇదే కదా!

ఫారం_ముప్పైఐదు
ఇద్దరూ రైతులై, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే దానికి మినహాయింపు ఉంది మేడం.

లాయరమ్మ
కొన్నది రియల్ ఎస్టేట్ వాళ్ళు. మినహాయింపు రాదు. 273బీ కింద సహేతుకమైన కారణం చూపి జరిమానా తప్పించుకోవచ్చు. చదువురాని పెద్దాయన, చట్టం తెలియదు, పట్టుకెళ్ళి బ్యాంకులోనే వేశాడు, దాచుకోలేదు. నేనైతే ఆ వాదన మీద నిలబడతాను. కానీ తెలిసి దిగాలి.

మంజీరా_పిల్లగాడు
బాపు సంతకం పెడతడు మేడం, చదువు రాదు అనలేం. ఇంకొక అనుమానం. అసలు ఆ భూమి వ్యవసాయ భూమే అని ఒప్పుకుంటరా? రోడ్డు మీద పోతె పటాన్‌చెరు నుంచి 12 కిలోమీటర్లు.

రిటైర్డ్_ఇన్‌స్పెక్టర్
రోడ్డు లెక్క 2014-15 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి పోయింది. ఇప్పుడు కాకి ఎగిరినట్టు నేరుగా కొలుస్తారు. పటాన్‌చెరు బస్టాండు నుంచి కాదు, అప్పటి జీహెచ్‌ఎంసీ సరిహద్దు నుంచి. పది లక్షల జనాభా దాటిన ఊరు కాబట్టి 8 కిలోమీటర్లు. సంగారెడ్డి మున్సిపాలిటీ లక్ష లోపు కాబట్టి అక్కణ్ణుంచి 2. రెండూ దాటి ఉండాలి.

ప్లాట్లబాబాయ్
తరువాత వచ్చిన కొత్త మున్సిపాలిటీల మాటేంటి?

రిటైర్డ్_ఇన్‌స్పెక్టర్
అవి 2018 ఆగస్టులో వచ్చాయి. వీళ్ళు అమ్మింది ఫిబ్రవరిలో. లెక్కలోకి రావు.

మంజీరా_పిల్లగాడు
(నాలుగు రోజుల తరువాత) సర్వేయర్‌ను తోలుకపోయిన. జీహెచ్‌ఎంసీ హద్దు నుంచి 8.7. సంగారెడ్డి నుంచి 5 మీదనే. పహాణీలు తీసిన, మూడేండ్లు వరి, పత్తి అని ఉంది. తహసీల్దారు ఆఫీసుల సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టిన.

ఫారం_ముప్పైఐదు
బ్రహ్మాండం. అంటే ఆ భూమి అసలు అమ్మితే పన్ను పడే ఆస్తి, క్యాపిటల్ అసెట్టే కాదు. 14 లక్షల వరకు గట్టు ఎక్కినట్టే. పహాణీలు, సర్వే స్కెచ్ అన్నీ రూల్ 46ఏ కింద కొత్త సాక్ష్యంగా పెట్టండి. ఇక 32.

మంజీరా_పిల్లగాడు
దానికి కూడ దొరికింది సార్! బాపు పాత ట్రంకు పెట్టె తెరిస్తె అగ్రిమెంటు కాగితం. కొన్నాయన సంతకం, ఇద్దరు సాక్షులు. అండ్ల ఒకాయన పోయిండు, ఇంకొకాయన మా ఊరి పాత సర్పంచి, వచ్చి చెప్తనన్నడు.

కడపోడు
ఇది కదా మాటంటే!

లాయరమ్మ
తొందరపడకండి. స్టాంపు పేపరు వెనక వెండరు ముద్ర ఉంటుంది. తేదీ చదవండి.

మంజీరా_పిల్లగాడు
స్టాంపు కొన్నది 2018 జనవరి 8. అగ్రిమెంటు జనవరి 11.

మిర్చియార్డు
హమ్మయ్య. మా కొట్టు పక్కనోడిది అగ్రిమెంటు తరువాత ఆరు నెలలకు కొన్న స్టాంపు. ట్రిబ్యునల్‌లో మెంబరు గారు ఆ కాగితాన్ని లైటుకు పెట్టి చూసి నవ్వారంట.

ఫారం_ముప్పైఐదు
మొత్తం ధర 46 అనే రాసి ఉందా?

మంజీరా_పిల్లగాడు
ఇప్పుడే లెక్కపెట్టిన. 41 అని ఉంది. అడ్వాన్సు 8, రిజిస్ట్రేషన్ నాడు 33.

ఫారం_ముప్పైఐదు
మరి బ్యాంకులో పడింది 46. ఆ 5?

మంజీరా_పిల్లగాడు
బాపును అడిగిన. ‘మీ అమ్మ చిట్టీ లేపిన పైసలు, నా ఖాతాలనే వేసిన’ అన్నడు. ఏడేండ్ల సంది ఈ ముచ్చట నాకు తెల్వదు.

లాయరమ్మ
చిట్టీ పుస్తకం ఉందా?

మంజీరా_పిల్లగాడు
అమ్మ ఇంకో పెట్టె తెరుస్తంది.